ఆస్తి హక్కు ఎవరి కోసం? పన్ను ఎవరిని అడిగి?

హిమాచల్ ప్రదేశ్ హమీర్‌పూర్ జిల్లాలో 1967-68లో నాదౌన్ నుంచి సుజాన్‌పూర్‌కు ఒక రోడ్డు వేశారు. ఆ దారిలో ఒక మహిళకు మూడు హెక్టార్ల పైచిలుకు భూమి ఉంది. నోటీసు లేదు, భూసేకరణ ప్రకటన లేదు, పరిహారం ఊసే లేదు. రోడ్డు మాత్రం పడిపోయింది. ఆమెకు చదువు రాదు. అదే రోడ్డు కింద భూమి పోయిన పక్క రైతులు 2004లో హైకోర్టుకెళ్లి తమ దారి తాము చూసుకున్నాక గానీ ఆమెకు ధైర్యం రాలేదు. 2010లో తనూ వెళ్లింది. సివిల్ కోర్టులో దావా వేసుకోమని హైకోర్టు పంపేసింది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి ఆమె వయసు 80.

ఆ కేసులో రాష్ట్ర ప్రభుత్వం చేసిన వాదన చూడాలి. ఇన్నేళ్లుగా భూమి మా స్వాధీనంలోనే ఉంది, ఎవరూ అడగలేదు, కాబట్టి అది మాదైపోయింది అన్నది దాని సారాంశం. మన ఊళ్లలో దీన్ని కబ్జా అంటాం. ప్రభుత్వమే ఆ పని చేసి, చేశామని కోర్టులో చెప్పుకుంది. సంక్షేమ రాజ్యం తన పౌరుల భూమిని ఇలా కాజేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పి, పక్క రైతులకు ఇచ్చిన లెక్కనే ఆమెకూ ఇమ్మంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఆమె భూమి పోయిన నాటికి మన రాజ్యాంగంలో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కు. ఆమె కోర్టు మెట్లెక్కిన నాటికి అది ప్రాథమిక హక్కు కాకుండా పోయి ముప్పై ఏళ్లు దాటింది. హక్కు బలంగా ఉన్నప్పుడు ఆమెకు అక్కరకు రాలేదు, బలహీనపడ్డాక వచ్చింది. ఎందుకిలా? స్వతంత్ర భారతంలో ఆస్తి హక్కు కథంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు ఆస్తికి రెండు చోట్ల రక్షణ ఉండేది. 19(1)(ఎఫ్) కింద ఆస్తి సంపాదించుకోవడం, ఉంచుకోవడం, అమ్ముకోవడం పౌరుడి స్వేచ్ఛ. 31వ అధికరణ కింద ప్రభుత్వం ఆస్తి తీసుకోవాలంటే చట్టం ఉండాలి, ప్రజా ప్రయోజనం ఉండాలి, పరిహారం ఇవ్వాలి. రాజ్యాంగ సభలో ఈ రెండో దాని మీద చాలా గట్టి చర్చే నడిచింది. కారణం ఊహించగలిగిందే. అప్పటికి దేశంలో జమీందారీలు రద్దవుతున్నాయి. మద్రాసు రాష్ట్రంలో 1948లోనే ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది, కోస్తా తెలుగు జమీందారీలన్నీ దాని కిందికే వచ్చాయి. హైదరాబాద్ సంస్థానంలో 1949లో జాగీర్లు రద్దయ్యాయి. మార్కెట్ ధర కట్టివ్వాలంటే ఖజానాలో డబ్బు ఎక్కడిది? అసలు ఆ భూమి మీద వాళ్లకున్నది ఏపాటి హక్కు? నవాబో, కంపెనీవాడో శిస్తు వసూలు చేసిపెట్టమని ఇచ్చిన అధికారం కాలక్రమంలో సొంత ఆస్తిగా మారింది. దున్నేవాడి దృష్టిలో ఆస్తి హక్కు అంటే తన మెడ మీద ఉన్న కాడి. తెలంగాణలో 38-ఇ సర్టిఫికెట్ అన్న మాట వినని పాత రైతు కుటుంబం ఉండదు. 1950 నాటి కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారు భూమికి హక్కుదారు కావడం అది. దొర ఆస్తి తగ్గితేనే కౌలుదారుకు ఆస్తి వచ్చింది.

కాబట్టి ఆస్తి హక్కును పలచన చేసినవాళ్లందరినీ స్వేచ్ఛకు శత్రువులుగా చూపించే వాదన నాకు మింగుడుపడదు. అలాగని వాళ్లు చేసిన పద్ధతి అంతా బాగుందనీ అనలేను.

బిహార్ భూసంస్కరణల చట్టం చిన్న జమీందార్లకు నికర ఆదాయానికి 20 రెట్లు, లక్ష దాటిన ఆదాయం ఉన్నవారికి 3 రెట్లు మాత్రమే పరిహారంగా పెట్టింది. దర్భంగా మహారాజు కోర్టుకెక్కాడు. ఇది సమానత్వానికి విరుద్ధమని 1951 మార్చిలో పాట్నా హైకోర్టు చట్టాన్ని కొట్టేసింది. మూడు నెలలు తిరిగేసరికి మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది. దాంతోపాటు తొమ్మిదో షెడ్యూలు అనే కొత్త పెట్టె ఒకటి తయారైంది. ఒక చట్టాన్ని అందులో వేస్తే, ప్రాథమిక హక్కుల పేరుతో దాన్ని ఏ కోర్టులోనూ ప్రశ్నించలేరు. మొదట వేసినవి 13 చట్టాలు, అన్నీ భూమికి సంబంధించినవే. పెట్టె ఒకసారి చేతికొచ్చాక దాంట్లో ఏం వేయాలనిపిస్తుందో చెప్పనక్కర్లేదు. ఇప్పుడు అందులో ఉన్నవి 284. వాటిలో భూసంస్కరణతో బొత్తిగా సంబంధం లేనివీ ఉన్నాయి.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు కోర్టుకూ పార్లమెంటుకూ కుస్తీ. కోర్టు పరిహారం అంటే న్యాయమైన వెల అంటుంది, పార్లమెంటు 1955లో ఆ సంగతి కోర్టులు చూడనక్కర్లేదంటుంది. 1967లో గోలక్‌నాథ్ కేసులో, పంజాబ్‌లోని ఒక కుటుంబానికున్న 500 ఎకరాల గొడవ మీద, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారమే పార్లమెంటుకు లేదని 11 మంది జడ్జీల్లో ఆరుగురు తేల్చారు. ఆ మెజారిటీకి తీర్పు రాసింది ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు, మన రాజమండ్రివాడు. తీర్పు ఇచ్చిన కొద్ది వారాలకే పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి ఎన్నికల్లో జాకిర్ హుస్సేన్ మీద పోటీ చేసి ఓడిపోయాడు. జడ్జిగా ఆయన మేధ మీద నాకు గౌరవమే గానీ, ఆ పోటీ వల్ల ఆస్తి హక్కు వాదనకు రాజకీయ రంగు అంటుకుంది. 1969లో 14 బ్యాంకులను జాతీయం చేస్తే, పరిహారం లెక్క తప్పని 1970లో కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. 1971లో పార్లమెంటు రాజ్యాంగంలోంచి పరిహారం అన్న మాటనే తీసేసి, ‘మొత్తం’ అని పెట్టింది. ఎంతిస్తే అంత అన్నమాట.

1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి తీర్పు వచ్చింది. అదీ మొదలైంది ఆస్తి దగ్గరే. కేరళ కాసరగోడ్ దగ్గరి ఎడనీరు మఠం భూములు భూసంస్కరణ చట్టం కింద పోతున్నాయని స్వామీజీ వేసిన పిటిషన్ అది. 13 మంది జడ్జీలు, 7-6 తేడా. ఆ ఏడుగురిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి ఒకరు. పార్లమెంటు దేన్నయినా సవరించవచ్చు గానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని చెరపకూడదన్నారు. అయితే ఆ గీత గీసిన నిర్ణాయక ఓటు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నాది. ఆస్తి హక్కు ఆ మౌలిక స్వరూపంలోకి రాదని ఆయనే చెప్పాడు. అంటే భూమి కోసం వేసిన కేసు దేశంలో ప్రజాస్వామ్యానికి కంచె వేసి, భూమిని మాత్రం కంచె బయట వదిలేసింది.

తర్వాత ఎమర్జెన్సీ. 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో పత్రికల కార్యాలయాలున్న వీధికి కరెంటు తీసేశారు. ప్రెస్సు యజమానిదే, కాగితం యజమానిదే, సిరా యజమానిదే. కరెంటు తీగ మాత్రం సర్కారుది. ఆస్తికీ రాజకీయ స్వేచ్ఛకూ ఉన్న లంకె గురించి పుస్తకాల్లో ఎంత రాసినా ఆ రాత్రి చెప్పినంత సూటిగా చెప్పలేరు. మనిషి మాట్లాడాలంటే నోరొక్కటే చాలదు. అచ్చు వేసుకోవడానికి యంత్రం కావాలి, మీటింగు పెట్టుకోవడానికి స్థలం కావాలి, జైలుకెళ్తే ఇంట్లోవాళ్లు తినడానికి పొలమో కొట్టో ఉండాలి. అవన్నీ ప్రభుత్వం దయ మీద నడుస్తుంటే ఎదురు మాట్లాడేవాడు అరుదు. కాగితం కోటా, కాగితం మీద సుంకం కూడా ఇలాంటివే. 1984 డిసెంబరులో న్యూస్‌ప్రింట్ దిగుమతి సుంకం కేసులో సుప్రీంకోర్టు ఇదే గుర్తుచేసింది. పత్రికల మీద పన్ను వేయొచ్చు, పన్ను పేరుతో పత్రిక గొంతు నొక్కకూడదు అని, ఆ సుంకాన్ని మళ్లీ పరిశీలించమని ప్రభుత్వానికి చెప్పింది.

ఇంత జరిగాక ఎమర్జెన్సీలో జైళ్లకెళ్లి వచ్చిన జనతా నాయకులు ఏం చేశారు? 44వ సవరణతో రెండు పనులు. ఎమర్జెన్సీలో కూడా జీవించే హక్కును, వ్యక్తి స్వేచ్ఛను ఆపడానికి వీల్లేకుండా చేశారు. అదే సవరణలో ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితాలోంచి తీసేశారు. అప్పుడు రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి. 1979 జూన్ 20 నుంచి ఆస్తికి మిగిలింది 300-ఎ అనే ఒక్క వాక్యం: చట్టం ఇచ్చిన అధికారంతో తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదు. ప్రాథమిక హక్కు పోవడమంటే ఆచరణలో మొదటి తేడా, నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లే దారి మూసుకుపోవడం. హైకోర్టు నుంచి మొదలుపెట్టాలి. రెండో తేడా, పరిహారం అన్న మాటే ఆ వాక్యంలో లేకపోవడం.

పొట్టిగా ఉన్న ఈ వాక్యానికి రాజ్యాంగంలో ఒక తోబుట్టువు ఉంది. 265వ అధికరణ: చట్టం ఇచ్చిన అధికారంతో తప్ప ఏ పన్నూ వేయరాదు, వసూలు చేయరాదు. రెండూ దాదాపు ఒకే అచ్చులో పోసినవి. రెండూ అడిగేది ఒకటే. నా దగ్గర్నుంచి తీసుకునే ముందు, నేను ఓటేసి పంపినవాళ్ల ముందు నిలబడి అడిగావా అని. ఏటా ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి పార్లమెంటులో పద్దు చదవడం ఊరికే లాంఛనం కాదు. అది అడగడం. ఇంగ్లండులో ఈ అడగడం కోసమే రాజుతో తగువు పడ్డారు. పార్లమెంటును పిలవకుండా చార్లెస్ రాజు ఓడల పన్ను వేస్తే, జాన్ హాంప్డెన్ అనే భూస్వామి తన వాటా 20 షిల్లింగులు కట్టనని కోర్టుకెళ్లాడు. 12 మంది జడ్జీల్లో ఏడుగురు రాజు పక్షమే చేరారు. కేసు ఓడిపోయాడు గానీ, ఐదుగురు జడ్జీలు రాజును కాదన్నారన్న కబురు దేశమంతా పాకింది. నాలుగైదేళ్లకు అక్కడ అంతర్యుద్ధమే మొదలైంది.

మనకు అంత దూరం పోనక్కర్లేదు, చీరాల ఉంది. చీరాల, పేరాల రెండు ఊళ్లను కలిపి మద్రాసు ప్రభుత్వం మున్సిపాలిటీ చేసింది. అంతకుముందు ఏటా సుమారు 4 వేల రూపాయలుండే పన్ను 40 వేలకు పెరిగింది. చేనేత కార్మికులు, చిన్న వ్యాపారులు ఉండే ఊరది. మాకు మున్సిపాలిటీ వద్దు మొర్రో అని మొత్తుకున్నా ప్రభుత్వం వినలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ముందుండగా జనం చేసిన పని ప్రపంచంలో ఎక్కడైనా అరుదే. పన్ను కట్టకుండా ఊళ్లో కూర్చోవడం కాదు, మున్సిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోయారు. 15 వేల జనాభాలో 13 వేల పైచిలుకు మంది ఊరి బయట రామనగరం పేరుతో పాకలు వేసుకుని 11 నెలలు బతికారు. మనుషులే లేని ఊళ్లో పన్ను ఎవరి దగ్గర వసూలు చేస్తారు?

ఈ కథను ‘తెల్లదొరల పన్ను మీద తెలుగువాడి తిరుగుబాటు’ అని చెప్పి వదిలేయడం తేలిక. అసలు చిక్కు అక్కడ లేదు. 1919 నాటి భారత ప్రభుత్వ చట్టం కింద అప్పటికి మద్రాసులో ఎన్నికైన మంత్రులున్నారు. మున్సిపాలిటీల శాఖ చూస్తున్నది పానగల్ రాజా, తెలుగువాడే. కాగితం మీద అడగాల్సిన పద్ధతిలో అడిగి వేసిన పన్నే. కానీ ఓటు ఎవరికుంది? ఇంత శిస్తో ఇంత పన్నో కట్టేవాడికే ఓటు. నాలుగు కోట్లు దాటిన రాష్ట్ర జనాభాలో ఓటర్లు పన్నెండు లక్షల చిల్లర. ఆస్తి ఉంటేనే ఓటు, ఓటు ఉంటేనే పన్ను గురించి మాట. మిగతావాళ్లు పన్ను భారం మాత్రం మోయాలి. ఆస్తే స్వేచ్ఛకు పునాది అని చెప్పేవాళ్లు ఈ ముక్కను సాధారణంగా దాటేస్తారు. ఆస్తి లేనివాడికి ఆ పునాది మీద చోటు లేని కాలం చాలా పొడుగ్గా నడిచింది. ఓటును ఆస్తి నుంచి పూర్తిగా విడదీసింది 1950 రాజ్యాంగమే.

చీరాల ఉద్యమం గెలవలేదు. దుగ్గిరాల జైలుకెళ్లాక చల్లబడింది, జనం ఇళ్లకు తిరిగొచ్చారు, మున్సిపాలిటీ ఉండిపోయింది.

సరే, అందరికీ ఓటు వచ్చింది. చట్టసభ చట్టం చేసింది. ఇక ఏ పన్నయినా సరైనదేనా? కేరళలో ఎకరానికి ఏటా రెండు రూపాయల భూమి పన్ను వేశారు, పొలమైనా అడవైనా ఒకటే రేటు. మలబారులో ఒక అడవి యజమానికి అడవి మీద వచ్చే ఆదాయం ఏడాదికి 3,100 రూపాయలు. పన్ను 54 వేలు. మూడు నాలుగేళ్లు కడితే అడవి అమ్ముకోవాల్సిందే. ఇది పన్ను పేరుతో చేసే జప్తు అని 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. చట్టం ఉంటే చాలదు, ఆ చట్టం ప్రాథమిక హక్కుల పరీక్షకు నిలవాలి అంది. అప్పుడు వాడిన హక్కులు రెండు, సమానత్వం, ఆస్తి. రెండోది తర్వాత పోయింది. ఇవాళ అలాంటి పన్ను వస్తే మొదటిదాని మీదే కొట్లాడాలి.

వెనక్కి నడిచే పన్ను ఇంకో రకం. వొడాఫోన్ దాదాపు 11 వేల కోట్ల పన్ను కట్టక్కర్లేదని 2012 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది బడ్జెట్లో చట్టాన్ని మార్చి, ఆ మార్పు 1962 ఏప్రిల్ 1 నుంచే ఉన్నట్టు అనుకోవాలన్నారు. 265వ అధికరణకు ఇది అక్షరాలా సరిపోతుంది. చట్టం ఉంది, సభ ఆమోదం ఉంది. కానీ నిన్న కట్టక్కర్లేదన్న పన్నును యాభై ఏళ్ల కిందటి నుంచీ ఉందంటే, రేపు దేని మీద నమ్మకం పెట్టుకుని ఎవడు ఏ పని మొదలుపెడతాడు? కంపెనీలు అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లి గెలిచాయి. 2021 ఆగస్టులో ప్రభుత్వమే ఆ సవరణను వెనక్కి తీసుకుని, వసూలు చేసింది వడ్డీ లేకుండా తిరిగిస్తామంది. అంతర్జాతీయ ఒప్పందం చేతిలో ఉన్న కంపెనీకి ఆ దారి దొరికింది. అదే పని పక్కింటి కిరాణా కొట్టాయనకు జరిగితే ఆయన ఏ దేశంలో కేసు వేస్తాడు?

హక్కు బలంగా ఉన్నప్పుడు ఆ హిమాచల్ మహిళకు ఎందుకు అక్కరకు రాలేదన్న మొదటి ప్రశ్నకు ఇప్పుడు నాకు తోచిన జవాబు. 1950 నుంచి 1979 దాకా ఆస్తి హక్కు పేరుతో సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగింది ఎవరు? మహారాజులు, మఠాలు, బ్యాంకుల వాటాదార్లు. పెద్ద లాయర్లను పెట్టుకోగలిగినవాళ్లు. దాంతో ఆ హక్కు అంటేనే జనానికి డబ్బున్నవాళ్ల హక్కు అనిపించింది. అందుకే తీసేసినప్పుడు వీధుల్లో ఎవరూ ఏడవలేదు. పేదవాడి ఆస్తి కోర్టు దాకా రావడం చాలావరకు ఆ తర్వాతి కథ. 2004లో చేవెళ్ల దగ్గరి అసైన్డ్ భూముల (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూముల) కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం ఇచ్చిన తీర్పు నా లెక్కలో ఇటువైపు నుంచి వచ్చిన ముఖ్యమైన మాట. 1977 చట్టం అసైన్డ్ భూమిని అమ్ముకోకూడదంది. అమ్ముకోలేని భూమికి వెలెక్కడిది, మా భూమి మేం వెనక్కి తీసుకుంటాం అనేది సర్కారు ధోరణి. ప్రజా అవసరానికి తీసుకుంటే అసైనీకి కూడా పట్టాదారుతో సమానంగా మార్కెట్ ధర ఇవ్వాలని కోర్టు తేల్చింది.

300-ఎ వాక్యంలో లేని పరిహారాన్ని కూడా కోర్టులు మెల్లగా వెనక్కి తెచ్చాయి. 2011లో, వాల్తేరులో పుట్టిన నటి దేవికా రాణి, ఆమె భర్త రోరిక్‌లకు బెంగళూరు దగ్గర ఉన్న ఎస్టేటు కేసులో, ప్రభుత్వం తీసుకోవడాన్ని సమర్థిస్తూనే, ప్రజా ప్రయోజనం, పరిహారం అనేవి ఆ వాక్యం అర్థంలోనే ఉన్నాయంది సుప్రీంకోర్టు. 2024 మేలో జస్టిస్ పి.ఎస్. నరసింహ రాసిన కోల్‌కతా తీర్పు ఇంకా వివరంగా విప్పింది. ముందు నోటీసు ఇవ్వాలి, చెప్పేది వినాలి, కారణాలు రాసి నిర్ణయం చెప్పాలి, ప్రజా అవసరానికే తీసుకోవాలి, న్యాయమైన పరిహారం ఇవ్వాలి, సాగదీయకుండా నడపాలి, మొదలుపెట్టింది ముగించాలి. అదే ఏడాది నవంబరులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం, ప్రతి ప్రైవేటు ఆస్తీ సమాజపు భౌతిక వనరు కింద లెక్క కాదని మెజారిటీతో తేల్చింది.

తెలుగు రాష్ట్రాల్లో మాత్రం ఆస్తి పోయే దారి ఈమధ్య మారింది. బుల్డోజర్ రానక్కర్లేదు, జాబితా చాలు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ కింద ప్రభుత్వ, అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్, సీలింగ్ భూముల సర్వే నంబర్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తాయి. ఉద్దేశం మంచిదే, సర్కారు భూమిని ఎవడో అమ్మేయకుండా. కానీ ఒక సర్వే నంబరులో రెండెకరాలు దేవుడి మాన్యమైతే పక్కనున్న పది ఎకరాల పట్టా కూడా అందులో పడిపోవడం మామూలే. చాలామందికి ఆ సంగతి తెలిసేది కూతురి పెళ్లికో ఆస్పత్రి ఖర్చుకో అమ్మకానికి పెట్టి, కొనేవాణ్ని వెంటబెట్టుకుని ఆఫీసుకెళ్లిన రోజే. భూమిని ఎవరూ తీసుకోలేదు. పాస్‌బుక్ చేతిలోనే ఉంది. అమ్మలేడు, తాకట్టు పెట్టలేడు. ఇల్లుంటే ఇంటి పన్ను మాత్రం ఏటా కట్టాలి, కట్టిన రసీదు చూపిస్తే అది హక్కు పత్రం కాదంటారు.

తెలంగాణలో 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి చట్టం దాని స్థానంలోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి భూ హక్కుల చట్టం 2024 ఎన్నికల్లో పెద్ద గొడవై, కొత్త ప్రభుత్వం రాగానే రద్దయింది. ఆ చట్టం మీద జనం భయమంతా ఒక్క చోటే. హక్కు ఎవరిదో తేల్చే పని సివిల్ కోర్టు నుంచి అధికారి బల్ల మీదికి పోతుందని. అధికారులు తప్పు చేస్తే ఇక హైకోర్టే గతి అని. ఊరి మున్సిఫ్ కోర్టుకు వెళ్లిరావడానికే పనులు మానుకునే రైతు అమరావతి దాకా ఎన్నిసార్లు తిరుగుతాడు? 22-ఎ విషయంలోనూ అడగాల్సింది ఇదే. కోల్‌కతా తీర్పులోని ఆ ఏడింటిలో మొదటిది నోటీసు. సర్వే నంబరును జాబితాలో చేర్చే ముందు పాస్‌బుక్‌లో పేరున్న మనిషికి ఒక కాగితం పంపితే, అభ్యంతరం చెప్పుకోవడానికి నెల రోజులు గడువిస్తే, హైకోర్టులో పడే రిట్లు సగానికి సగం తగ్గుతాయని నా అంచనా. పాస్‌బుక్‌కు ఫోన్ నంబరు జత చేయించుకునే ప్రభుత్వానికి ఆ కాగితం పంపడం పెద్ద పని కాదు.